పక్కకంచం

1

పోటు. తూర్పు గాలి. సరుకు: నేనొక్కదాన్నే.

పంటు నడిపినన్నాళ్ళూ రోజూ లాగ్‌బుక్ రాశాను. పోటో పాటో, అంటే నీళ్ళు ఎక్కుతున్నాయా దిగుతున్నాయా, గాలి ఎటు, పంటు మీద సరుకేమిటి. ఈ మూడూ రాయకుండా ఏనాడూ తాడు విప్పలేదు. ఇప్పుడు పంటు లేదు. ఆసుపత్రి తెప్ప మీద ఒక మంచం ఇచ్చారు. అలవాటు మాత్రం పోలేదు కాబట్టి రాస్తున్నాను. సరుకుని నేనే.

నన్ను పంటు దింపింది ఏదో తప్పు చేసినందుకు కాదు. నా చేతి మీదుగా పెళ్ళివారు దాటారు, నొప్పులు పడుతున్న ఆడవాళ్ళు దాటారు, ఒకసారి రెండు గేదెలు కూడా దాటాయి. ఎవరి కాలూ తడవలేదు. కిందటేడు కొత్త పంట్లు వచ్చాయి, అట్టముక్కల్లాంటివి. వాటి డ్రైవరు సీటు కింద కాటా ఉంటుంది. నేను కూర్చోగానే మోటారు మొరాయించింది. దిగితే స్టార్టయింది. మళ్ళీ కూర్చుంటే మళ్ళీ ఆగింది. రేవులో అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఇంటికెళ్ళి ఏడ్చాను.

మా నీళ్ళ మీద అన్నిటికీ బరువే లెక్క. మా ఇళ్ళన్నీ తెప్పల మీదే. ప్రతి తెప్పకీ పక్కన ఒక తెల్లగీత గీసి ఉంటుంది. నీళ్ళు ఆ గీత దాటితే ఇంట్లోంచి ఏదో ఒకటి దిగాలి, సామానో, మనిషో. నా తెప్ప, మునిగిపోయిన కాలేజీ వాటర్ ట్యాంకుకి కట్టి ఉంటుంది. మా ఆయన పోయాక అందులో నేనొక్కదాన్నే కాబట్టి గీత నీళ్ళకి జానెడు పైనే ఉంటుంది. తలుపు మీద మాత్రం అందరి ఇళ్ళకి మల్లేనే నా పేరూ, పక్కన నా బరువూ రాసి ఉంటాయి. వచ్చేవాళ్ళు నా మొహం కన్నా ముందు అది చూస్తారు.

గట్టు మీద నుంచి డాక్టర్లు వచ్చారు, బరువు తగ్గే ఆపరేషన్‌ని పరీక్షిస్తున్నారు, ఒప్పుకుని చేరి తగ్గి చూపిస్తే పంటు మళ్ళీ నీదే అని రేవు ఆఫీసులో అన్నారు. ఎక్కడ వేలిముద్ర వేయాలని అడిగాను.

డాక్టర్ మృణాళిని గారు వయసులో చిన్నది. పొడినేల మీద పుట్టి పెరిగిన మనిషి, తెప్ప ఊగినప్పుడల్లా గోడ పట్టుకుంటుంది. విషయం విడమరిచి చెప్పింది. కోత అందరికీ కోస్తారు. సగం మందికి అన్నం దిగే దారిలో ఒక చిన్న తలుపు అమరుస్తారు. మిగతా సగం మందికి ఏమీ పెట్టకుండా కుట్టేస్తారు. ఎవరికి ఏది జరిగిందో మాకు చెప్పరు, ఆవిడకీ తెలియదు. కోసినవాళ్ళకి తెలుసు, వాళ్ళు మర్నాడే గట్టుకి వెళ్ళిపోతారు. ఆ తరవాత తెలిసేది ఆ తలుపుల్ని నడిపే యంత్రానికొక్కదానికే.

"మరి ఉత్తినే కోయడం ఎందుకమ్మా?" అన్నాను.

"కోత జరిగిందన్న నమ్మకంతోనే కొందరు తక్కువ తింటారండీ. తగ్గింది నమ్మకం వల్లనా, తలుపు వల్లనా అని తేలాలి కదా. తేలకుండా ఊరందరి కడుపులూ కోయలేం."

న్యాయంగానే తోచింది. నాకు మాత్రం ఉత్తికోత రాకూడదని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

2

పాటు. గాలి లేదు. సరుకు: నేను, ఎనిమిది కుట్లు.

గంజి రోజులు అయిపోయాయి. ఇవాళ అన్నం పెట్టారు. గంజి తాగే రోజుల్లో మనిషి మంచివాడుగా ఉండడం కష్టం, అందుకే ఇన్నాళ్ళూ ఏమీ రాయలేదు.

భోజనం పెద్ద గదిలో, నేల మీద పంక్తిగా. కంచాలు గట్టు నుంచి తెచ్చారు, అడుగున కాటా ఉన్నవి. తినడం అయ్యాక కంచంలో ఎంత మిగిలిందో అది యంత్రానికి చెబుతుంది. మిగిలిందంటే లోపలి తలుపు మరీ బిగువైందని అర్థం, యంత్రం దాన్ని కాస్త వదులు చేస్తుంది. కంచం ఖాళీ అయిందంటే ఇంకా ఆకలుందని అర్థం, కాస్త బిగిస్తుంది. తలుపు ఉన్నవాళ్ళ సంగతి ఇది. లేనివాళ్ళ కంచం ఏం చెప్పినా వినేవాళ్ళు లేరు.

గట్టు మీద మనుషులు కంచంలో వదిలేస్తారట. వదిలేసినదాన్ని పారేస్తారట. ఆ సంగతి డాక్టరమ్మ మామూలుగా చెబుతుంటే పంక్తిలో ముసలివాళ్ళు చెవులు మూసుకున్నారు.

మా దగ్గర అలా కుదరదు. ముంపు వచ్చిన కొత్తలో తిండి లేక చాలామంది పోయారు. అప్పటి నుంచీ మా నీళ్ళ మీద కంచంలో మెతుకు మిగల్చడమంటే పోయినవాళ్ళని తిట్టడమే. తినలేననుకున్నవాళ్ళు ముద్ద ముట్టకముందే ఎక్కువైనదాన్ని పక్కనున్నవాళ్ళ కంచంలోకి తోసి "ఇది నీ వంతు" అనాలి. పక్కవాళ్ళు కాదనకూడదు. అలా ఒకసారి తీసుకున్నారంటే ఇద్దరూ ఒకరికొకరు పక్కకంచం. తోడబుట్టినవాళ్ళతో సమానం, చావుకి మైల కూడా పడతారు. ఇంకొక్క మాట. పక్కవాళ్ళ కంచం గురించి బయట నోరెత్తకూడదు. ఫలానావాడు ఇంత తిన్నాడు, ఇంత తినలేకపోయాడు అని చెప్పిన నోటికి తరవాత ఏ పంక్తిలోనూ చోటుండదు.

ఒకరి తిండి ఇంకొకరు తినకూడదని ఆసుపత్రి గోడ మీద రాసి ఉంది. దానికింద మేమందరం వేలిముద్రలు వేశాం. కానీ ముద్ద ముట్టకముందు అది ఎవరి తిండీ కాదు కదా, ఉత్త వంట. పంక్తిలో ఒక్కరికీ ఇందులో తప్పు కనపడలేదు.

నా పక్కన కూర్చున్న అమ్మాయి పేరు సత్యవేణి. తెరచాపలు కుడుతుంది. గుండ్రటి మొహం, మాట మెత్తన. నాచుపప్పు, చేపల పులుసు వడ్డించగానే సగానికి సగం నా కంచంలోకి తోసింది.

"ఇది నీ వంతు అక్కా. ఏవనుకోకేం, దిగేలా లేదు."

"అనుకోడానికేముందే! పులుసు బాగుంది, ఇంకో ముక్క కూడా తొయ్యి."

అంతా తిన్నాను. హాయిగా దిగింది. అంత హాయిగా దిగడం మంచిది కాదేమోనని ఆ తరవాత అనుమానమొచ్చింది.

3

పోటు. తూర్పు గాలి. సరుకు: నేను, ఒక అనుమానం.

వేణి తగ్గుతోంది. నేను తగ్గడం లేదు. ఇద్దరికీ ఒకేచోట కోత, ఒకేలాంటి కుట్లు. ఆమెకి తలుపుంది, నాకు లేదు. ఎవరూ చెప్పనక్కర్లేదు, నా కడుపు చెబుతోంది.

అందరి కంచాలూ రోజూ అద్దాల్లా ఖాళీగా వస్తున్నాయని డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఒక్కరికీ ఒక్క మెతుకు కూడా మిగలదేంటండీ? తగ్గేవాళ్ళు తగ్గుతున్నారు, ఆకలి మాత్రం ఎవరికీ తగ్గట్లేదు" అంది. పంక్తి మొత్తం మర్యాదగా మజ్జిగ తాగింది. మొహమాటంలో మమ్మల్ని మించినవాళ్ళు లేరు.

శుక్రవారం కాబట్టి చూడ్డానికి వచ్చేవాళ్ళని రానిచ్చారు. నాకెవరూ రారు, వేణి కోసం పిల్లల పడవ నుంచి ఒక ఆయా ఆరేళ్ళ పిల్లని తీసుకొచ్చింది. గౌతమి అట. వేణి చెల్లెలి కూతురు. చెల్లెలు జ్వరంతో పోయింది, తండ్రి అంతకు ముందే లేడు. వేణి తెప్పలో మొగుడు, మావగారు, ఇనప కుట్టు మిషను. నీళ్ళు సరిగ్గా గీతని తాకుతున్నాయి. మిషను దించేస్తే తిండి లేదు, మావగారిని దించలేరు. పిల్ల ఎక్కితే గీత మునుగుతుంది కాబట్టి ఎక్కనివ్వలేదు. అనాథ పిల్లలుండే పడవలో పెట్టారు.

"దీని బరువెంతో నేనంత తగ్గాలక్కా. తగ్గిన రోజున దీన్ని ఎత్తుకుని ఎల్లిపోతాను. అంతే. నాకింకేం వద్దు" అంది వేణి.

ఆ పిల్ల పెద్దమ్మ ఒళ్ళో కూర్చుని నాకేసి చూసింది. "నువ్వు చాలా పెద్దగున్నావు" అంది. అవునమ్మా అన్నాను. "నీ ఒళ్ళో ఇద్దరు పడతారు" అంది. ఇంతవరకూ నా ఒంటి గురించి ఎవరూ మెచ్చుకోలుగా మాట్లాడింది లేదు, అందుకని ఇది రాసి పెట్టుకుంటున్నాను.

4

పాటు. నైరుతి గాలి. సరుకు: నేను, ఇద్దరి తిండి.

ఇప్పుడు వేణి తోసేది సగం కాదు. నాలుగు ముద్దలు ఉంచుకుని మిగతాదంతా నా వైపుకి వస్తోంది. ఆ నాలుగు ముద్దలూ తినడానికే మధ్యాహ్నమంతా పడుతోంది. గుండ్రటి మొహంలో దవడ ఎముకలు తేలాయి. దువ్వెనకి జుట్టు ఊడొస్తోంది. ఎండలో కూర్చుని కూడా దుప్పటి కప్పుకుంటోంది.

నాకు అర్థమవడానికి ఇన్నాళ్ళు పట్టినందుకు నా మీద నాకే కోపమొచ్చింది. కంచం ఖాళీగా వెళుతోంది. యంత్రం అనుకుంటోంది, ఈ మనిషికి ఇంకా ఆకలే అని. తలుపు బిగిస్తోంది. బిగించినకొద్దీ వేణికి దిగడం లేదు, దిగనిదంతా నేను తింటున్నాను, కంచం మళ్ళీ ఖాళీ. మళ్ళీ బిగింపు. యంత్రానికి నా పొట్టే వేణి పొట్టలా కనిపిస్తోంది.

సాయంత్రం బట్టలు ఆరేస్తుంటే పట్టుకున్నాను.

"ఏవే, డాక్టరమ్మకి చెప్పవేం? దిగట్లేదని ఒక్క మాటంటే వదులు చేత్తారు కదా."

వేణి తాడు మీద చీర సర్దుతూ నవ్వింది. "వదులు చేత్తారు. అదే నాకొద్దక్కా."

"ఏంటీ?"

"మొదట్లో దిగకే తోశాను. తరవాత అర్థమైంది. కంచం ఖాళీ అయితే బిగుసుకుంటది, బిగుసుకుంటే తొందరగా తగ్గుతాను. నాకు తెలిసే తోత్తన్నాను." చీర వదిలేసి నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఐసులా ఉంది. "మొన్న శుక్రారం చూశావు కదా, గౌను పొట్టయిపోయింది దానికి. నేను తగ్గేలోపు అది పెరిగిపోతంది. నేనిటు, అదటు. ఎప్పుడు కలుత్తాం చెప్పు?"

"నువ్వు నా పక్కకంచానివి" అంది. అంటే అర్థం, నోరు మూసుకోమని.

5

పోటు. గాలి మారుతోంది. సరుకు: రాయాలని లేదు.

ఇవాళ తూకం. వేణి కాటా ఎక్కి దిగింది. అందరి కన్నా ఎక్కువ తగ్గింది తనేనని డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది, గదంతా కొట్టింది. నేనూ రెండు చేతులూ కలిపాను గానీ చప్పుడు రాలేదు. నా వంతు వచ్చింది. చేరిన నాటి కంటే పెరిగాను. డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యేసి, ఇది మీ తప్పు కాదండీ, పరీక్షలో ఇలాంటివి ఉంటాయి అంది. మంచి పిల్ల. తన పరీక్ష ఎటు పోతోందో తెలియని మంచి పిల్ల.

మధ్యాహ్నం నేనొక పని చేశాను. వేణి అన్నం తోయబోతుంటే నా కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాను. పంక్తి అంతా ఆగిపోయింది. మజ్జిగ పోస్తున్నావిడ గరిటె గాల్లోనే ఉంచేసింది. మా నీళ్ళ మీద వంతు కాదనడం నేనైతే పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"అక్కా, చెయ్యి తియ్యి. నలుగుర్లో నా పరువు తియ్యకు" అంది వేణి, పెదాలు కదిలీ కదలకుండా.

నలుగురూ చూస్తున్నారు. తీశాను. అన్నం వచ్చి పడింది. పంటు నడిపేటప్పుడు సుడికి కూడా వెనక్కి తగ్గలేదు, నలుగురు చూస్తే మాత్రం తగ్గాను. ఆ అన్నం నాకు రుచించలేదు, అయినా మెతుకు మిగలకుండా తిన్నాను.

6

పాటు. గాలి లేదు. సరుకు: భయం.

ఉదయం నడక కోసం మమ్మల్ని చెక్కవంతెన మీద అటూ ఇటూ తిప్పుతారు. వేణి నా ముందు నడుస్తోంది. సగం దూరంలో రైలింగు పట్టుకుంది, వెనక్కి తిరిగి నాతో ఏదో అనబోయి అలాగే జారిపోయింది. నీళ్ళలో పడకముందే జాకెట్టు పట్టుకుని లాగాను. ఎత్తుకుని వార్డుకి తెచ్చాను. నా అంత మనిషికి బరువులు ఎత్తడం కొత్త కాదు. ఎత్తాక తెలిసిందేమిటంటే, ఎత్తాల్సినంత బరువు అక్కడ లేదు. మంచం మీద పడుకోబెట్టేదాకా ఏడుపు ఆపుకుని, తరవాత నీళ్ళ బిందె వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

డాక్టరమ్మ వచ్చి సెలైన్ పెట్టింది. ఎండదెబ్బ అయి ఉంటుంది, తిండి అయితే పూర్తిగా తింటోంది కదా, కంచం చెబుతోంది అంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోటి దాకా వచ్చింది. వేణి కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. ఆ చూపుకి నోరు మూతపడింది.

చెబితే ఏమవుతుంది? వేణి పరీక్షలోంచి పోతుంది, తగ్గినదంతా మళ్ళీ వస్తుంది, గౌతమి పిల్లల పడవలోనే పెరుగుతుంది. పక్కవాళ్ళ కంచం బయటపెట్టిన మనిషిగా నేను మిగులుతాను. ఉత్తికోత అని తేలిపోయాక నాకిక పంటు కూడా రాదు. చెప్పకపోతే ఏమవుతుంది? గౌతమి ఎక్కడానికి చాలినంత వేణి తగ్గుతుంది. తగ్గి, పిల్లని ఎత్తుకోడానికి ఉండదు.

రాసి చూస్తే ఇంత సులువుగా ఉంది. నోటితో అనాలంటేనే కష్టం.

7

పోటు. తూర్పు గాలి. సరుకు: నా కంచం.

పొద్దున పళ్ళు తోముకుంటుంటే తట్టింది. పక్కవాళ్ళ కంచం గురించి మాట్లాడకూడదు. నా కంచం గురించి నేను మాట్లాడకూడదని ఎవరూ అనలేదు.

నోరు కూడా సరిగ్గా కడుక్కోకుండా డాక్టరమ్మ గదికి వెళ్ళాను.

"నా కంచం గురించి చెప్పాలమ్మా."

"చెప్పండి, అచ్చాయమ్మ గారూ. కూర్చోండి."

"కూర్చోను. కోత కోసి అన్నం పెట్టినప్పట్నుంచీ నేను రోజూ ఇద్దరి తిండి తింటన్నాను. ఒక్క పూటా వదల్లేదు. తేన్పులొత్తన్నాయి గానీ నొప్పి లేదు, ఏం లేదు. నాకు పెట్టింది ఉత్తికోత."

ఆవిడ నవ్వబోయింది. "ఇద్దరి తిండి ఎలా తింటారండీ? మీకు పెట్టేది ఒక్కరి..."

అక్కడ ఆగింది. పెన్ను కింద పెట్టింది. నేను కిటికీలోంచి నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాను.

"రెండో మనిషి ఎవరు?"

"నా కంచం సంగతి చెప్పాను. ఇంకొకళ్ళ కంచం గురించి నన్నడక్కండి. పీక కోసినా చెప్పను."

"మీ పక్కన ఎవరు కూర్చుంటారు?" అంది. "అచ్చాయమ్మ గారూ, అన్ని కంచాలూ ఖాళీగా వస్తున్నది ఇందుకేనా? పంక్తి మొత్తం?"

"మధ్యాన్నం కంచాల లెక్కల్లోంచి కాదు, పంక్తిలో కూర్చుని చూసుకోండి" అన్నాను.

మధ్యాహ్నం దాకా ఆగలేదు ఆవిడ. లేచి వార్డు వైపు పరిగెత్తింది. తెప్ప ఊగుతూనే ఉంది, గోడ పట్టుకోవడం మరిచిపోయింది.

8

పాటు. పడమటి గాలి. సరుకు: రెండు కంచాలు, ఒకటి బోర్లా.

యంత్రం దాచిన పేర్లు బయటికి తీశారు. వేణి తలుపు బిగియగలిగినంతా బిగిసి ఉందట. వదులు చేశారు. ఇంకొక్క వారం ఇలాగే సాగి ఉంటే, అని డాక్టరమ్మ ఆపేసింది. మిగతాది నేనూ అడగలేదు. ఇంకో నలుగురి తలుపులు కూడా ఉండాల్సిన దానికన్నా బిగుసుకున్నాయి. పరీక్ష ఆపేశారు. మళ్ళీ మొదట్నుంచి పెడతారట, కొత్త పద్ధతిలో.

"తగ్గింది కదా అని సంబరపడ్డాను. ఎలా తగ్గిందని ఒక్కరోజు కూడా అడగలేదు" అని డాక్టరమ్మ నా ముందే అంది. మర్నాడు మాతో పంక్తిలో కూర్చుంది. అటుపక్క ముసలాయన ముద్ద ముట్టకముందే తన వడియాలన్నీ ఆవిడ కంచంలోకి తోసి "ఇది నీ వంతమ్మా" అన్నాడు. ఆవిడ తెల్లమొహం వేసి, తరవాత తింది. ఆయనకి పళ్ళు లేవు పాపం.

వేణికి జావ దిగుతోంది. పెదాలకి రంగొచ్చింది. నాతో మాత్రం మాట్లాడదు. ఇవాళ నేనే వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను.

"నేను నీ కంచం గురించి ఎవరికీ చెప్పలేదే. నా కంచం గురించే చెప్పాను" అన్నాను.

"నా ముద్ద లేకుండా నీ కంచం ఏదక్కా?"

జారిన దుప్పటి ఆమె కాళ్ళ మీదికి లాగాను.

"నువ్వు బతకాలని చెప్పాను" అన్నాను చివరికి.

"బతికి ఏం చెయ్యను? శుక్రారం వత్తాది అది. ఇంకెన్నాళ్ళు పెద్దమ్మా అంటది. నువ్వే చెప్పు దానికి."

తలగడ పక్కనున్న ఖాళీ కంచం తీసి, నాకు ఎదురుగా నేల మీద బోర్లించింది. మా దగ్గర దానికి ఒకటే అర్థం, పక్కకంచం తెగిపోయిందని. చప్పుడు చిన్నదే. నాకు మాత్రం చాలాసేపు వినపడింది.

9

పాటు. గాలి లేదు. సరుకు: మోకు.

అందరినీ ఇంటికి పంపేశారు. పంటు రాలేదు, ఇక రాదు. పొద్దున వేరే ఎవడో నడుపుతున్న చప్పుడు విని లోపలికెళ్ళి తలుపేసుకున్నాను. ఆ బాధ ఉంది, లేదని రాయను.

ఊరికే కూర్చోలేక తెప్ప పక్కకి దిగి నాచు గీకుతున్నాను. తెల్లగీత కళ్ళ ముందే ఉంది, నీళ్ళకి జానెడు పైన. ఎన్నేళ్ళుగానో అక్కడే ఉంది. గీకుతూ గీకుతూ ఆగిపోయాను.

రెండు తెప్పల్ని కలిపి జంటకట్టు కడితే రేవు వాళ్ళు ఒకే తెప్పగా లెక్కేస్తారు. ఒకటి మునిగితే రెండోది లేపుతుంది. రక్తసంబంధం ఉన్నవాళ్ళకీ, పక్కకంచాలకీ మాత్రమే ఆ హక్కు. ఒకసారి కట్టాక విప్పడం ఉండదు కాబట్టి ఎవరూ తొందరపడి కట్టరు. నా జానెడు ఖాళీలో గౌతమి ఏంటి, గౌతమి పెళ్ళి చేసుకుని మొగుణ్ణి తెచ్చుకున్నా చోటుంటుంది.

ఇంత చిన్న సంగతి ముందే ఎందుకు తట్టలేదు? నీళ్ళలో నిలబడి దీని గురించే ఆలోచించాను. పంటు మీదా, రేవులోనూ, ఆసుపత్రిలోనూ అందరూ నన్ను ఎక్కువైనదానిలాగే చూశారు. నేనూ అలాగే చూసుకున్నాను. నేను తగ్గాలి, ఎలా తగ్గాలి, ఎప్పుడు తగ్గుతాను. నా దగ్గర చోటుందన్న మాట నా బుర్రకి ఎక్కలేదు. వేణికీ అంతే. గౌతమి ఒక్కతే మొదటి చూపులో కనిపెట్టింది, నా ఒళ్ళో ఇద్దరు పడతారని.

తెప్పలు కట్టే మోకు చుట్ట, లావు తాడు, భుజాన వేసుకుని, చిన్న దోనె మీద వేణి తెప్పకి వెళ్ళాను. మొగుడు పోలయ్య బయట వల అల్లుతున్నాడు. లోపల మిషను చప్పుడు వినిపిస్తోంది. నా గొంతు వినగానే ఆగి, మళ్ళీ మొదలైంది.

"పోలయ్యా, మా గీత నీళ్ళకి జానెడు పైనుంది. జంటకట్టు కడదాం, గౌతమి ఎక్కుద్ది. కావలిత్తే వచ్చి చూసుకో" అన్నాను, లోపలికి వినపడేలా.

పోలయ్య అల్లిక ఆపి తలుపు వైపు చూశాడు. "కట్టాలంటే పక్కకంచాలై ఉండాలి కదండీ. మా ఆవిడ..."

"తెలుసు. అది తనిష్టం."

మోకు అక్కడే దించి వచ్చేశాను. వెనక నుంచి ఎవరూ పిలవలేదు.

10

పోటు. తూర్పు గాలి.

శుక్రవారం రెండుసార్లు వెళ్ళింది. మోకు తిరిగి రాలేదు, మనిషీ రాలేదు. మోకు తిప్పి పంపలేదంటే ఆశ ఉన్నట్టే అని ఒకరోజూ, పోలయ్యకి వలకి పనికొచ్చి ఉంటుందిలే అని ఒకరోజూ అనుకున్నాను.

ఇవాళ పప్పులో తాలింపు వేస్తుంటే తెప్ప ఊగింది. పంటు ఏదైనా తగిలిందేమో, ఆ కొత్త డ్రైవరు గాణ్ణి నాలుగు కడిగేద్దామని గరిటెతో బయటికి వచ్చాను. వేణి తెప్ప మొత్తం వచ్చేసింది. పోలయ్య గెడ వేస్తున్నాడు, మావగారు ఇనప మిషను పట్టుకుని కూర్చున్నాడు. వేణి అంచున నిలబడి నా మోకు వేస్తోంది. బుగ్గలు కాస్త పూడాయి. పక్కన గౌతమి, చంకలో ఒక గుడ్డసంచీ.

"చూత్తావేంటక్కా, అటు కొస పట్టుకో" అంది వేణి.

పట్టుకున్నాను. నలుగురం కలిసి కట్టాం. నాకు ఏడుపొస్తుందని తెలిసి ముడులు గట్టిగా బిగించే నెపంతో వంగే ఉన్నాను.

తరవాత భోజనాలు. నా తెప్ప మీద మా ఆయన పోయాక ఇంత పొడుగు పంక్తి ఎప్పుడూ లేదు, కంచాలు చాలక మూతల్లో పెట్టాను. వేణి సారీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. తన కంచంలో కొంచెమే పెట్టుకుంది, పెట్టుకున్నది తినగలదు. తోయడానికి ఏమీ లేదు. మరి పక్కకంచం ఎలా? రేవు మనిషి వచ్చి అడిగితే ఏం చెప్పాలి? అన్నం ముందు కూర్చుని ఈ ఆలోచనలోనే ఉన్నాను.

గౌతమి మా ఇద్దరి మధ్య కూర్చుంది. పిల్లకి నేనే గుట్టలా వడ్డించాను, అలవాటు కొద్దీ. అది గుట్టకేసి చూసి, పెద్దమ్మకేసి చూసింది. వేణి ఏమీ అనకుండా తన కంచంలో ఉన్న కాసింతలోంచి ఒక్క ముద్దంత తీసి పిల్ల గుట్ట మీద పెట్టింది. కనుబొమ్మలతో నా వైపు చూపించింది.

పిల్ల రెండు చేతులతో, పప్పూ అన్నం తన గౌను మీద సగం పోస్తూ, వేణి పెట్టిన ముద్దతో సహా అంతా నా కంచంలోకి తోసింది.

"ఇది నీ వంతు పెద్దమ్మా" అంది.

తిన్నాను. మెతుకు మిగల్చలేదు. ఇక రేవు మనిషి రానీ, అడగనీ.

తినేసి చెయ్యి కడుక్కోడానికి అంచుకి వెళ్ళి వంగి చూశాను. అందరం నా తెప్ప మీదే ఉన్నాం కాబట్టి నీళ్ళు గీత దాకా వచ్చాయి. దాటలేదు. సరుకు: ఐదుగురం, ఒక కుట్టు మిషను.